ఎండ, ఉప్పు, నూనె, బెల్లం



విత్తనాలను గురించి, ఎరువులను గురించి, పురుగు మందులను గురించి మనం తరచుగా మాట్లాడుకుంటూనే ఉంటాము. పంట కోసి ఇంటికి చేర్చిన తరువాత దాని సంగతి ఏమిటి? అమ్మినది అమ్మగా మిగిలిన గింజను, కాయను ఏడాది పొడుగునా పాడు కాకుండా చూసే విద్య ఒకటి మన ఇళ్ళలో ఉన్నది. అటక మీది జాడీలు, డాబా మీద ఆరే వడియాలు, డబ్బాలలోని సున్నుండలు ఆ విద్యకు సాక్ష్యం. ఈనాడు దాని చరిత్ర కొంచెం చెప్పుకుందాము. ఊరగాయకు చరిత్ర ఎందుకంటారా? ఏ పని ఎందుకు చేస్తున్నామో తెలియకుండా చేస్తే ఒక యేడు కుదురుతుంది, మరొక యేడు బూజు పడుతుంది. కారణం తెలిసి చేస్తే ఏటేటా కుదురుతుంది.

మన ఇంటి నిల్వలకు కాపలా కాసేవి ముఖ్యంగా నాలుగు: ఎండ, ఉప్పు, నూనె, బెల్లం. పదార్థాన్ని పాడుచేసేవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు, వాటితోపాటు బూజులు. వాటికి బ్రతకడానికి నీరు కావాలి. బూజుకైతే గాలి కూడా కావాలి. ఎండ ఆ నీటిని తీసివేస్తుంది. ఉప్పు, బెల్లం ఉన్న నీటిని తాము పట్టుకుని వాటికి అందనివ్వవు. నూనె గాలిని అడ్డుతుంది. ఈ నాలుగు మాటలు గుర్తు పెట్టుకుంటే తక్కిన కథ సులువుగా అర్థమవుతుంది.

ఎండ

ఈ నాలుగింటిలో పాతది ఎండ. కడప, కర్నూలు, బళ్ళారి ప్రాంతాలలో కొత్త రాతియుగపు పల్లెలను త్రవ్వినప్పుడు సుమారు నాలుగు వేల సంవత్సరాల నాటి పొరలలో మాడిన ఉలవలు, పెసలు, అండుకొర్రల వంటి చిరుధాన్యాల గింజలు దొరికాయి. ఆ మెట్ట ప్రాంతంలో వాన పడేది కొద్ది నెలలే. తక్కిన నెలలు గడవాలంటే గింజను ఎండబెట్టి దాచుకోక తప్పదు. ఈనాటి మన ధాన్యపు గాదె, పప్పు డబ్బా ఆ అవసరంలోంచి పుట్టినవే.

గింజ తరువాత కూర. వేసవిలో మన ఇళ్ళలో పెట్టే గుమ్మడి వడియాలు, అప్పడాలు, చల్లమిరపకాయలు, మామిడి ఒరుగులు, వంకాయ ఒరుగులు అన్నీ ముందు రోజుల కొరకు చేసుకున్న ఏర్పాట్లు. వానాకాలంలో పాదులు ఇంకా కాపుకు రావు, సంతకు పోయే దారి బురద. ఆ రోజులలో పప్పులోకి నాలుగు వడియాలు ఉంటే పూట గడుస్తుంది. మినప్పప్పులోని మాంసకృత్తులు కూడా వంటికి అందుతాయి.

ఎంత ఎండాలి అన్నదే అసలు ప్రశ్న. వడియాన్ని విరిస్తే టక్కున విరగాలి. వంగితే లోపల తడి ఉన్నట్టే. వేరుశనగ కాయను చెవి దగ్గర ఆడిస్తే గలగలమనాలి. అప్పటికి తేమ ఇంచుమించు 8 శాతానికి దిగుతుంది. మిరపకాయలో 10 శాతం దగ్గరకు రావాలి. నేల మీద ఆరబోస్తే నేల చెమ్మ పీలుస్తుంది. అంచేత పట్టా మీదనో, సిమెంటు కళ్ళం మీదనో ఆరబోసి, సాయంకాలం మంచు పడకముందే కప్పాలి.

ఇది చాదస్తం కాదు. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. కారణం వెదకగా వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఒక బూజు, ఆ బూజులో ఒక విషం కనబడ్డాయి. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. 1974లో గుజరాత్, రాజస్థాన్ గిరిజన పల్లెలలో అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్నను సరిగా ఆరకుండానే దాచుకున్నారు. ఆ బూజు పట్టిన గింజ తిని కాలేయం చెడి నూరు మందికి పైగా మరణించారు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆ పల్లెలకు పోయి పరిశోధించారు. ఈ విషం ఉడికించినా, వేయించినా పూర్తిగా పోదు. బూజు పట్టిన గింజను కడిగి ఎండబెట్టి తినవచ్చునని ఎవరైనా అంటే వినకండి. పశువులకు కూడా పెట్టకండి, విషం పాలలోకి దిగుతుంది.

ఉప్పు

ఎండ ఉచితంగా దొరుకుతుంది. ఉప్పు అట్లా దొరకలేదు, దాని కొరకు మన దేశం పోరాడవలసి వచ్చింది. తీరంలో కొటారులు కట్టి, సముద్రపు నీరు పారించి, ఎండకు గడ్డకట్టిన కళ్ళుప్పును గీసి పోగుచేయడం మనవారికి అనాదిగా తెలిసిన పని. నౌపడ, చినగంజాం, ఇస్కపల్లి కొటారుల పేర్లు మీరు వినే ఉంటారు. సముద్రానికి దూరమైన రాయలసీమలో చవిటి మట్టిని నీళ్ళలో కలిపి, వడగట్టి, ఆ నీటినుంచి ఉప్పు తీసేవారు.

1805లో మద్రాసు రాజధానిలో కంపెనీ ప్రభుత్వం ఉప్పును తన గుత్తకింద పెట్టుకున్నది. తరువాత సుంకం పెరిగింది. చవిటి ఉప్పు తీయడం నేరమయింది. ఉప్పు ప్రియమైతే మొదట దెబ్బ తగిలేది పేదవాని గంజికి, ఊరగాయకు, పశువుల కుడితికి. అందుకే 1930లో గాంధీగారు దండి తీరంలో పిడికెడు ఉప్పు ఎత్తినప్పుడు దాని అర్థం ఆడవారికి కూడా ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలిసింది. మన తీరంలోనూ మచిలీపట్నం మొదలుకొని అనేక చోట్ల ఉప్పు వండారు. ప్రకాశం పంతులుగారి నాయకత్వంలో దేవరంపాడు శిబిరం నడిచింది. 1931 గాంధీ - ఇర్విన్ ఒడంబడికలో ఉప్పు దొరికే తీరగ్రామాలవారు తమ ఇంటి వాడకానికి ఉప్పు చేసుకోవడానికి అనుమతి వచ్చింది. 1947లో ఉప్పు పన్ను రద్దయింది.

ఊరగాయలో ఉప్పు చేసే పని రుచి ఒక్కటే కాదు. ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ ఉప్పునీటిలో చెడ్డ క్రిములు పెరగలేవు. చేతికి వచ్చినంత ఉప్పు తగ్గించి, జాడీ పాడైందని కాయను తిట్టేవారున్నారు. రక్తపోటు భయంతో ఉప్పు తగ్గించాలనుకోవడం మంచిదే, రోజుకు మనిషికి 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఐతే తగ్గించవలసినది జాడీలో ఉప్పు కాదు, విస్తట్లో ఊరగాయ.

టమాటా రైతులకు ఉప్పును గురించి ఒక మాట. మదనపల్లె, పత్తికొండ మార్కెట్లలో ధర పడిపోయినప్పుడు కూలి ఖర్చు కూడా రాక కాయను రోడ్డు పక్కన పారబోసిన సందర్భాలు మనకు తెలియనివి కావు. లారీ సరుకును ఇంట్లో నిల్వ చేయలేము, నిజమే. కాని ఇంటికి ఏడాదికి కావలసిన పచ్చడిని ఆ వారంలోనే చేసుకోవచ్చు గదా! గట్టి పండ్లు కడిగి తుడిచి, ముక్కలు కోసి, పది పాళ్ళ ముక్కలకు ఒక పాలు ఉప్పు కలిపి జాడీలో మూడు రోజులు ఊరనివ్వాలి. ఊరిన ముక్కలను పిండి, ముక్కలు వేరుగా, ఊట వేరుగా ఎండలో పెట్టాలి. ముక్క బాగా ఒరిగిన తరువాత ఊటలో చింతపండు నానబెట్టి, కారం, మెంతిపిండి కలిపి నూరి, పోపు చల్లారిన తరువాత కలిపితే ఏడాది నిలుస్తుంది. ధర లేని పండుకు ఇంట్లో ఈ విలువ ఉన్నది.

మధ్యలో వచ్చిన చుట్టం

ఇక్కడ మిరపకాయ సంగతి చెప్పాలి. మిరపకాయ లేని వంట మనకు ఊహకు అందదు. గుంటూరు పేరు చెబితే దేశమంతటికీ గుర్తుకు వచ్చేది అదే. కాని అది మన నేలలో పుట్టిన పంట కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కో డ గామా కాలికట్టు చేరిన తరువాత, పదహారవ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ఓడలలో మన దేశానికి వచ్చింది. అంతకు ముందు మన వంటలకు కారం ఇచ్చినవి మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాలు. కొత్త కాయకు పేరు పెట్టేటప్పుడు మనవారు పాత మిరియాన్ని తలచుకున్నట్టున్నారు, మిరప అన్న మాటలో ఆ జాడ వినిపిస్తుంది.

మన ఊరగాయల రాజు ఆవకాయ. దాని పేరు చూడండి. అందులో ఆవ ఉన్నది, మిరప లేదు. కాయను నిలబెట్టడంలోనూ ఆవపిండిది పెద్ద పాత్రే, ఆవ ఘాటుకు బూజును అణచే గుణం ఉన్నది. అంటే ఏమయింది? కొత్త పంట వచ్చి కూర్చున్నా, కాయను నిలబెట్టే పాత సూత్రం మారలేదు. మన అమ్మమ్మల అమ్మమ్మలు పరాయి కాయను భయపడకుండా తీసుకుని, తెలిసిన పద్ధతిలో ఇముడ్చుకున్నారు. తరువాత వచ్చిన టమాటాకూ అదే మర్యాద చేశారు.

కొలతను గురించి కూడా ఒక ముచ్చట. 1958లో కిలోలు, గ్రాములు వచ్చే దాకా మన కొలతలు వీశెలు, సేర్లు, మానికలు, సోలలు. ఊరూరికీ మానిక మారేది. ఐనా ఆవకాయ చెడలేదు. ఎందుకంటే లెక్క పాళ్ళలో ఉన్నది. నాలుగు పాళ్ళ ముక్కలకు ఒక పాలు కారం, ఒక పాలు ఆవపిండి, ఒక పాలు ఉప్పు, ఒకటి ఒకటిన్నర పాళ్ళు నూనె. పెళ్ళిభోజనానికి పెట్టినా, ఇద్దరున్న ఇంటికి పెట్టినా ఇదే లెక్క. పుల్లని, పీచున్న, టెంక గట్టిపడిన కాయ కావాలి. ముక్క మీద నీటి బొట్టు ఉండరాదు.

నూనె

నూనెలలో మనకు పాతది నువ్వుల నూనె. హరప్పా త్రవ్వకాలలోనే మాడిన నువ్వులు దొరికాయి. మన శాసనాలలో గానుగ ఆడించే తెలికివారి ప్రసక్తి వస్తుంది. 11వ శతాబ్దపు టేకి తామ్రశాసనం వారికి ఇచ్చిన మర్యాదలను చెబుతుంది. రాజులు శాసనంలో తలచుకునేంతటి స్థానం ఆనాడు నూనె తీసేవారికి ఉండేదన్నమాట.

వేరుశనగ కూడా మిరపవలెనే దక్షిణ అమెరికా చుట్టం. పంతొమ్మిదవ శతాబ్దంలో ఫ్రాన్సులోని మార్సేల్స్ నూనె మిల్లులు, సబ్బు ఖార్ఖానాలు దీనిని కొనడం మొదలుపెట్టగా, మద్రాసు రాజధానిలో సాగు బాగా పెరిగింది. మన రాయలసీమ మెట్టలలో వేరుశనగ నిండడానికి ఆ ఎగుమతి వర్తకం ఒక ముఖ్య కారణం. గింజ మనది, నూనె లాభం మరొకరిది అన్న తంతు అప్పటినుంచీ ఉన్నదే. 1934లో గాంధీగారు అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని స్థాపించినప్పుడు, కుమారప్పగారి పర్యవేక్షణలో గానుగ నూనె, దంపుడు బియ్యం, బెల్లం వంటి వాటిని పైకెత్తడానికి కారణం ఇదే. ఈనాటికీ మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్నదే.

ఊరగాయకు నువ్వుల నూనె మంచిదని పెద్దలు చెప్పిన మాట వట్టిది కాదు. నూనెను త్వరగా ముక్కిపోనివ్వని సహజ పదార్థాలు నువ్వులలో ఉన్నాయి. ఐతే ఒక జాగ్రత్త. నూనె గాలిని అడ్డుతుందే గాని క్రిములను చంపదు. గాలి లేనిచోట పెరిగే ప్రమాదకరమైన క్రిములు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని ఆపేది కాయలోని పులుపు, ఉప్పు. పులుపు లేని పచ్చి కూరముక్కను, పచ్చి వెల్లుల్లిని ఊరికే నూనెలో వేసి నెలల తరబడి ఉంచడం మంచిది కాదు. మామిడి, నిమ్మ, ఉసిరి, చింతకాయలనే మనవారు నిల్వకు ఎక్కువగా ఎంచుకున్నారంటే ఆ అనుభవం ఊరికే రాలేదు. జాడీలో నూనె ముక్కల మీద ఒక వ్రేలు మందాన తేలాలి. తగ్గితే కాచి చల్లార్చిన నూనె పోయాలి.

బెల్లం

పిల్లలకు ఇష్టమైన కాపలాదారు బెల్లం. చెరుకు రసం కాచి బెల్లం చేయడం మన దేశంలో అతి పురాతనమైన విద్య. మన ప్రాంతంలో దీనికి అనకాపల్లి పెట్టింది పేరు. అక్కడ చెరుకు పరిశోధన కేంద్రం 1913లో మొదలయింది.

సంక్రాంతి అరిసెలు, నువ్వుల చిమ్మిలి, సున్నుండలు, గోదావరి తీరపు మామిడి తాండ్ర, పూతరేకులు వీటన్నిటిలోనూ నిల్వను ఇచ్చేది తీపే. అరిసెకు పాకం ఉండ కట్టాలి. అంటే పాకం చుక్కను చల్లని నీళ్ళలో వేస్తే మెత్తని ఉండగా చేతికి రావాలి. పాకం లేతగా ఉంటే నీరు మిగిలి అరిసె నూనెలో విడిపోతుంది, దాచినా బూజు పడుతుంది. సున్నుండలో నీటిచుక్క పడదు, వేయించిన మినప పిండి, బెల్లం, నెయ్యి తప్ప. అందుకే రోజుల తరబడి ఉంటుంది. బాలింతకు, ఎదిగే పిల్లకు అది పిండివంటే కాదు, బలమైన ఆహారం.

బెల్లం కథలో ఒక చేదు ముక్క ఉన్నది. బజారులో పచ్చని, తెల్లని బెల్లానికి ధర ఎక్కువ పలుకుతుంది. ఆ రంగు కొరకు కాచేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. రైతుకు అది ఇష్టమై కాదు, కొనేవారు రంగు చూసి కొంటారు గనుక. ముదురు గోధుమ రంగు బెల్లం నాసిరకం అన్న అపోహ పోతే ఆ మందు తనంతట అదే పోతుంది. కనుక మన ఇంటికి కావలసిన బెల్లం మందు కలపకుండా వండించుకుందాము, కొనేవారమైతే నల్లబెల్లమే అడుగుదాము.

ఈ పిండివంటలు ఊరికి పేరు తెచ్చేంతవి. 2017లో బందరు లడ్డుకు, 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోదావరి పల్లెలో బోర్లించిన కుండ మీద ఆడవారు తీసే రేకు ఈనాడు చట్టం రక్షణ ఇచ్చే ఆస్తి అయింది.

పని బయటికి పోయినప్పుడు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇరవయ్యవ శతాబ్దం మొదటి భాగంలో మన కోస్తా పల్లెలకు బియ్యపు మరలు వచ్చాయి. రోకలి పోటు తప్పింది. బియ్యం మల్లెపూవులా తెల్లగా వచ్చింది. ఆ రోజులలోనే ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి అనే జబ్బు పట్టుకుని ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె దెబ్బతినేది. 1918లో కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడు ఈ జబ్బును పరిశోధించడానికే ఒక చిన్న ప్రయోగశాల పెట్టాడు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. బియ్యపు గింజ పైపొరలో ఉన్న బి1 విటమిను తవుడుతోపాటు పోవడమే జబ్బుకు ముఖ్య కారణమని ఆ కాలపు పరిశోధనలు తేల్చాయి. దంపుడు బియ్యంలో ఆ పొర కొంత నిలుస్తుంది. వడ్లు ఉడకబెట్టి దంచే ఉప్పుడు బియ్యంలో విటమిను గింజ లోపలికి ఇంకుతుంది, అందుచేత అది తినేచోట్ల ఈ జబ్బు అంతగా లేదు.

దీనర్థం ఆడవారు మళ్ళీ రోలు, రోకలి పట్టాలని కాదు. తెల్లవారుజామునే లేచి దంచిన చేతుల బాధ తెలిసినవారెవరూ ఆ మాట అనరు. మర రావలసిందే. ఐతే పని ఇంట్లోంచి బయటికి పోయినప్పుడు, ఆ పని మనకేమి చేసిపెడుతున్నదో తెలుసుకోకుండా పంపేశాము. ఆ తెలియకపోవడానికి ఖరీదు మనుషుల ఆరోగ్యం. పని తగ్గాలి గాని తెలివి తగ్గరాదు.

కారం విషయంలోనూ ఇట్లాంటిదే జరిగింది. 2003లో యూరపు దేశాలలో మన దేశపు మిరపపొడి సరుకులో సూడాన్ అనే పారిశ్రామిక రంగు కనబడింది. అక్కడ సరుకులు వెనక్కు తీశారు, పరీక్షలు కఠినం చేశారు. రంగు కలిపినవాడు వ్యాపారి, పేరు పోయినది రైతు పండించిన కాయకు. మన కళ్ళంలో కాయ ఏరి, తొడిమ తీసి, మన కళ్ళ ముందు మరలో ఆడించుకున్న కారానికి ఈ భయం లేదు. బస్తాలకొద్దీ కాయ మార్కెట్టుకు తోలి, ఇంటికి పొట్లం కారం కొనే రైతు ఇల్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఆ ఇల్లు రెండు విధాల నష్టపోతున్నది, ధరలోనూ, నాణ్యంలోనూ.

మనం చేయవలసినది

రైతు సోదరులారా! పంట మొత్తానికి బేరం ఆడేముందు ఇంటి ఏడాది అవసరం లెక్క కట్టి, మంచి కాయ, మంచి గింజ విడిగా తీసి పెట్టండి. మిగిలిపోయిన తాలును ఇంటికి ఉంచే అలవాటు మానండి. ఆ తాలులోనే బూజు ఉంటుంది. వడియాల రోజున, ఆవకాయ రోజున మగవారు కూడా ఒక చెయ్యి వేయండి. కాయ కొట్టడం, జాడీ మోయడం ఆడవారి పని అని ఎక్కడా వ్రాసిలేదు.

సోదరీమణులారా! మీ పాళ్ళు, మీ గుర్తులు ఒక నోటుపుస్తకంలో వ్రాయించి పెట్టండి. పాకం ఎప్పుడు దించాలో చూపించగల అత్తగారు ఉండగానే కోడలు, కూతురు దగ్గర నిలబడి నేర్చుకోవాలి. మహిళా సంఘంగా అమ్మదలచుకుంటే 2006 ఆహార భద్రతా చట్టం క్రింద నమోదు చేయించుకుని, తయారైన తేదీ, వాడిన పదార్థాలు సీసా మీద వేయండి.

తోటి విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. 1952లో సమాజ వికాస పథకం మొదలైన తరువాత గ్రామసేవికలు ఇంటింటికీ పోయి వంట, నిల్వ, పోషణ గురించి చెప్పేవారు. మైసూరులో 1950లో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వంటివి శాస్త్రాన్ని అందించాయి. మనం పొలం గట్టు దగ్గరే ఆగిపోతే ఆ గొలుసు తెగిపోతుంది. వేసవి సమావేశంలో ఒక గంట ఆరబెట్టడానికి, నిల్వకు కేటాయించండి. చెప్పడానికి ముందు, ఆ ఊళ్ళో జాడీ ఎన్నడూ చెడనివ్వని పెద్దావిడ ఎవరో అడిగి, ఆమెను ముందు మాట్లాడనివ్వండి. ఆమె చెప్పిన దానికి కారణం మనం విప్పి చెబితే సభ ఇద్దరినీ నమ్ముతుంది.

మామిడికాయ టెంక గట్టిపడే రోజులు వస్తే జాడీలు కడిగి, ఎండలో బోర్లించడం మరువకండి. లోపల చెమ్మ మిగిలితే పైన చెప్పినదంతా వృథా.